చెయ్యి కుదిరింది

లాండ్రీ, ఆసుపత్రి కింది అంతస్తు

ఒరేయ్ గడబిడా,

డ్రైవర్ల ఆరోగ్య నిధి కమిటీలోకి నిన్ను ఎన్నుకున్నారట. నువ్వు చెప్పేలోపే మరదలు చెప్పేసింది, దాన్నేమీ అనకు. బస్సు నడిపేటప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదని బోర్డు రాసిపెడతారు కదా. ఇన్నేళ్ళూ నోట్లో దాచుకున్న మాటలన్నీ ఇక ఆ కమిటీ మీద కుమ్మరిస్తావు. వాళ్ళని తలుచుకుంటే జాలేస్తోంది.

ఇదంతా ఫోన్‌లో చెప్పుకోవచ్చుగా అంటుంది మరదలు. మన ఫోన్ సంగతి దానికేం తెలుసు. హలో అన్నాక మూడో మాటకి నువ్వు అరుస్తావు, నాలుగో మాటకి నేను పెట్టేస్తాను. "మీరిద్దరూ మాట్లాడుకోకండి, రాసుకోండి" అని అమ్మ చెప్పింది చూడు, మనం బుద్ధిగా విన్న మాట అదొక్కటే.

నాకూ ఇక్కడ ప్రమోషన్ వచ్చింది. నవ్వకు. మా ఇస్త్రీ మిషన్ నువ్వు చూడలేదు, నీ బస్సంత వెడల్పుంటుంది. ఇటువైపు ఇద్దరు నిలబడి తడి దుప్పట్ల అంచులు పట్టుకుని రోలర్ల కిందకి అందిస్తారు. అవి అటువైపు పొగలు కక్కుతూ బయటికొస్తే ఇంకో ఇద్దరు లాగి మడతపెడతారు. ఇటుది తడి వైపు, అటుది వేడి వైపు. కొత్తగా చేరినవాళ్ళంతా తడి వైపే. మొదట్లో వేళ్ళకి తిమ్మిర్లు ఎక్కుతాయి, మణికట్టు సలుపుతుంది, చెంచా పట్టుకున్నా జారిపోతుంది. కొన్నేళ్ళకి ఆ సలుపు దానంతటదే పోతుంది. అలా సలుపు పోయినవాళ్ళని చూసి మావాళ్ళు చెయ్యి కుదిరింది అంటారు. చెయ్యి కుదిరితే వేడి పెద్దగా అంటదు, అందుకని వేడి వైపుకి పంపుతారు. ఆ రోజు మిగతావాళ్ళంతా కలిసి టీ ఇప్పిస్తారు. నాకు పోయిన వారమే ఇప్పించారు. బిస్కెట్లు కూడా పెట్టారు.

ఇప్పుడు గ్లవ్స్ లేకుండా లాగుతున్నాను. ఈ మధ్య చేరిన ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. నాకు గర్వంగానే ఉంది, దాచడం దేనికి. బావ పోయాక నన్ను ఎవరైనా నిలబడి చూడటం ఇదే మొదలు.

మిగతా సంగతులు ఏముంటాయి. కొత్త కాంట్రాక్టరు వచ్చాడు. ఆకుపచ్చ యూనిఫారాలు ఇచ్చాడు. ఇంకా అవీ ఇవీ మార్చాడు. మా సూపర్వైజరు మాత్రం మారలేదు, ఆ నలగని చొక్కా వేసుకుని అలాగే తిరుగుతున్నాడు. అతన్ని మేం మడత అంటాం, అతనికి తెలీదు.

మేనకోడలు బాగా చదువుతోందా?

నీ అక్క

*

బస్ డిపో, విశ్రాంతి గది

అక్కా,

నీ ప్రమోషన్ సంగతి మీ మరదలికి చదివి వినిపించాను. టీ, బిస్కెట్లతో సరిపెట్టేశారా, జీతం పెంచలేదా అని అడిగింది. అడగమంది కాబట్టి అడుగుతున్నాను.

నువ్వన్నట్టే కుమ్మరిస్తున్నాను. మొదటి మీటింగులోనే పెద్ద తగువు. ఇక్కడి పెద్దాసుపత్రి వాళ్ళు వచ్చారు. బీమా కార్డు లేని మనిషి ప్రాణం మీదికొచ్చి అత్యవసర విభాగానికి వస్తే వాళ్ళు కాదనకూడదు కదా. ఆ ఖర్చు ఎవరూ ఇవ్వరు. అందుకని కార్డున్నవాళ్ళ బిల్లుల్లో కొంచెం కొంచెం సర్దేస్తారట. ఈ ముక్క వాళ్ళ నోటితో వాళ్ళే ఒప్పుకున్నారు. ఇప్పుడు అడిగేదేమిటంటే, మా డ్రైవర్ల నిధి, టీచర్ల నిధి, మిల్లువాళ్ళ నిధి, ఇలా అన్నీ కలిసి ఒక ఉమ్మడి నిధికి ఏటా కొంత ఇవ్వాలట. అలా ఇస్తే కార్డు లేనివాళ్ళని రోగం ముదరకముందే మామూలు డాక్టరుకి చూపించొచ్చట. ఒప్పందం కుదిరితే అన్ని ఊళ్ళ ఆసుపత్రులకీ, మీదానికి కూడా వర్తిస్తుంది.

నేను కుదరదన్నాను. మావాళ్ళు నడుములు పడిపోయేలా బస్సులు నడిపి జీతంలోంచి నెలనెలా కడుతున్నారు. ఎదురింటివాడు కట్టడు, హాయిగా ఖర్చుపెట్టుకుంటాడు. వాడికి జ్వరం వస్తే నేను కట్టాలా? ఇవాళ జ్వరం, రేపు పన్ను నొప్పి, ఎల్లుండి కళ్ళజోడు. ఎక్కడ ఆపుతాం? కమిటీలో ఒకాయన ఉన్నాడు, ఎవరేం మాట్లాడినా మధ్యలో "ఆగండాగండి" అంటాడు, అందుకని ఆయన్ని బ్రేకులు అంటాం. ఆయన ఒక్కడే ఇద్దామంటున్నాడు. ఎలాగూ మన బిల్లుల్లోనే సర్దుతున్నారు కదా, దొడ్డిదారిన ఇచ్చేది ఎదురుగానే ఇద్దాం అంటాడు. మనిషి మంచివాడే కానీ మెతక.

నువ్వు ఆసుపత్రిలోనే ఉంటావు, నీకు కార్డు కూడా ఉంది కాబట్టి అటూ ఇటూ కాకుండా చెప్పగలవు. అక్కడ నువ్వు చూసేది ఏమిటి? కట్టని వాళ్ళంతా నిజంగా కట్టలేని వాళ్ళేనా? రాయి. ఓటింగుకి ముందు నేను మాట్లాడాలి.

తమ్ముడు

*

ఇల్లు, వంటగది బల్ల దగ్గర

ఒరేయ్ గడబిడా,

మరదలికి చెప్పు, జీతం పెంచారు. ఎంత పెంచారో చెప్తే నవ్వుతుంది కాబట్టి చెప్పను.

నువ్వడిగింది ఆలోచించాను. మా పై వాటాలో ఒక పెయింటరు ఉన్నాడు. కొత్త బండి కొన్నాడు, కొత్త టీవీ కొన్నాడు, కార్డు మాత్రం తీసుకోలేదు. నాకేమవుతుంది అనేవాడు. నిచ్చెన మీంచి పడ్డాడు. అత్యవసర విభాగంలో కాలు కట్టి పంపించారు. ఇప్పుడు కర్ర పట్టుకుని మెట్లు దిగుతూ, ఆసుపత్రి భోజనం బాగాలేదని నాకు చెప్తాడు. వాడి ముఖం చూస్తే నువ్వు చెప్పిందే న్యాయమనిపిస్తుంది. ఇది నీకు పనికొస్తే వాడుకో.

ఇంకొకటి. మా సెక్షన్లో ఒకమ్మాయి ఉంది. చాలా ఏళ్ళుగా చేస్తోంది. పాత కాంట్రాక్టరు ఉన్నన్నాళ్ళూ ఆమె జీతంలోంచి బీమా కట్టేవాడు, తను ఒక్కసారి కూడా వాడుకోలేదు. కొత్తవాడు వచ్చి అది తీసేశాడు. ఇష్టముంటే ఉండు, లేకపోతే పో అన్నాడు. ఇప్పుడు ఆమెకి చేతిలో ఏదో ఇబ్బంది. ఇన్నాళ్ళు కట్టిన మనిషి కదా, ఇలాంటివాళ్ళకి మీ నిధిలో ఏమని ఉంటుంది? ఊరికే అడుగుతున్నాను.

నిన్న ఒక తమాషా జరిగింది. దుప్పటి మడతపెడుతుంటే ఏదో మాడిన వాసన. రోలరులో ఏదైనా ఇరుక్కుందేమోనని మిషన్ ఆపించాను. అందరం వెతికాం. చివరికి పక్కనున్నావిడ నా చెయ్యి పట్టుకుని చూపించింది. చూపుడువేలు కొస కాలి తెల్లగా ఉబ్బింది. నాకేమీ తెలియలేదు. ఇది కదా చెయ్యి కుదరడమంటే అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నీ అక్క

*

బస్ డిపో, విశ్రాంతి గది

అక్కా,

నీ పెయింటరు భలే పనికొచ్చాడు. ఆసుపత్రి భోజనం బాగాలేదన్నాడని చెప్పగానే హాలంతా గొల్లుమంది.

ఆ అమ్మాయి సంగతి కూడా చెప్పాను. పేరెందుకులే అన్నాను. బ్రేకులు వెంటనే ఆగండాగండి అని లేచి, చూశారా, ఇలాంటివాళ్ళ కోసమే అన్నాడు. నేనేమన్నానో విను. ఆ పిల్లకి బీమా తీసేసింది ఎవరు? కాంట్రాక్టరు. మరి కట్టాల్సింది ఎవరు? కాంట్రాక్టరు. ఇవాళ మనం జాలిపడి ఆ పిల్లకి కడితే రేపు ఊళ్ళో ఉన్న ప్రతి కాంట్రాక్టరూ బీమా తీసేస్తాడు, ఎలాగూ డ్రైవర్లు కడతారు కదా అని. మనం ఇచ్చే ప్రతి పైసా వాడి జేబులోకే పోతుంది, ఆ పిల్ల చేతికి కాదు అన్నాను. చప్పట్లు కొట్టారక్కా.

నువ్వడిగినదానికి జవాబు: కట్టడం ఆగితే ఆగినట్టే. ఎన్నేళ్ళు కట్టావన్నది లెక్కలోకి రాదు. కఠినంగా ఉంటుంది, కానీ రూలంటే అలాగే ఉండాలి. ఒకరికి సడలిస్తే వందమంది నిలబడతారు.

ఆ అమ్మాయి పేరు చెప్పు. మీ మడతతో నేనే మాట్లాడతాను. యూనియన్ మనిషి గొంతు వింటే అతని చొక్కా కొంచెం నలుగుతుంది.

నీ అక్షరాలేమిటి, చీమలు పాకినట్టున్నాయి? కళ్ళజోడు మార్చుకో. కార్డు ఉండి కూడా వాడుకోవు నువ్వు.

తమ్ముడు

*

ఇల్లు

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నువ్వు మాట్లాడింది బాగుంది. నేనైనా చప్పట్లు కొట్టేదాన్ని.

ఆ అమ్మాయి పేరు చెప్పొద్దంది.

పోయిన వారం ఆమె ట్రాలీ తోసుకుంటూ లిఫ్టులో పైకి వెళ్తుంటే ఒక డాక్టరమ్మ ఎక్కింది. ట్రాలీ పిడి మీదున్న చెయ్యి చూసింది. ఏదీ, బొటనవేలు చిటికెనవేలికి ఆనించు అంది. ఆనలేదు. బొటనవేలి కింద కండ ఉండాల్సినచోట పల్లంగా ఉంది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. కుదిరి చాలా రోజులైంది అంది ఈమె. డాక్టరమ్మకి అర్థం కాలేదు. రేపు క్లినిక్కి రా, నరం పరీక్ష చేయించాలి, ఆలస్యం చెయ్యకు అని చెప్పి దిగిపోయింది.

ఈమె వెళ్ళింది. కౌంటరులో కూర్చునేవాడు తెలిసినవాడే. కార్డు అన్నాడు. ఇంట్లో మర్చిపోయానంది. తెచ్చుకుని రండి, చూస్తారు అన్నాడు. మంచిగానే అన్నాడు. వెనక లైను ఉంది. సామాన్ల లిఫ్టులో కిందికి వచ్చి మళ్ళీ పనిలో నిలబడింది.

అంతే. ఇంకేం లేవు. చలి మొదలైంది.

అక్క

*

ఇల్లు

అక్కా,

ఇది ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. డిపోలో రాయలేకపోయాను.

ముందు ఓటింగు సంగతి చెప్పేస్తాను. మేం గెలిచాం. ఉమ్మడి నిధిలో చేరేది లేదని తీర్మానం అయిపోయింది. మా నిధి పెద్దది కాబట్టి మేం కాదన్నాక టీచర్లూ మిల్లువాళ్ళూ కూడా వెనక్కి తగ్గారు. ఆ ప్రతిపాదన ఇక లేదు. నన్ను భుజం తట్టారు.

ఆ సంతోషంలో ఆ అమ్మాయికి ఏదైనా చేద్దామనిపించింది. మనం కట్టకపోతే కాంట్రాక్టరు మెడలు వంచాలి కదా, లేకపోతే నేను చెప్పిన మాటకి అర్థమేముంది. పేరు చెప్పకపోయినా ఫర్వాలేదని మీ ఆసుపత్రికి ఫోన్ చేసి, నీ తమ్ముణ్ణని చెప్పి మడతని అడిగాను. వేడి వైపు పని చేసే అమ్మాయి, చేతికి ఇబ్బంది ఉన్న అమ్మాయి అన్నాను. "వేడి వైపు అమ్మాయిలెవరూ లేరండీ, మీ అక్కగారూ ఇంకో పెద్దావిడా ఉంటారు" అన్నాడు. బీమా సంగతి అడిగితే "అది అందరికీ పోయిందండీ, మీ అక్కగారు చెప్పలేదా?" అన్నాడు.

చెప్పలేదు అన్నాను.

నువ్వు నా చేత ఏం చేయించావో నీకు తెలుస్తోందా? నీ గురించి నన్నే అడిగావు, నా నోటితోనే కుదరదనిపించావు, ఆపైన బాగుంది, చప్పట్లు కొట్టేదాన్ని అని రాశావు. మీ మరదలు రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఆమెకి కూడా చెప్పలేదట నువ్వు. నాకు కోపంగా ఉంది, భయంగా కూడా ఉంది, ఏది ఎక్కువో తెలియడం లేదు.

రేపే ఆ పరీక్ష చేయించుకో. డబ్బు పంపుతున్నాను. ఎదురు చెప్పకు.

తమ్ముడు

*

ఆసుపత్రి, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం

తమ్ముడూ,

నీ ఉత్తరం, డబ్బు నేను ఇక్కడికి వచ్చాక అందాయి. ఇది నేను చెప్తుంటే పక్క మంచం ఆవిడ రాస్తోంది. ఆవిడ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, చూడు.

నీ ఉత్తరం రావడానికి ముందురోజు కుడి చెయ్యి మిషన్‌కి అంటుకుంది. దుప్పటి ఇరుక్కుంటే తీస్తున్నాను. పక్కనున్నావిడ కేక పెట్టి నన్ను వెనక్కి లాగింది. అరిచింది ఆవిడ, నేను కాదు. అరచెయ్యి చాలావరకు కాలింది. నేను చూస్తూ నిలబడ్డాను. అది వేరే ఎవరి చెయ్యో అన్నట్టుంది.

అత్యవసర విభాగానికి పరిగెత్తించారు. నువ్వు చెప్పింది నిజమే, అక్కడ కార్డు ఎవరూ అడగలేదు. సూదులు, సెలైను, కట్లు, పెద్ద డాక్టరు, మంచం, పూటకో మందు. లిఫ్టులో చూసిన డాక్టరమ్మ కూడా వచ్చింది. ఆ రోజు క్లినిక్కి ఎందుకు రాలేదని అడిగి, సమాధానం కోసం ఆగకుండా నరం పరీక్ష ఇక్కడే చేసేసింది. మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందట. తడి దుప్పట్లు లాగి లాగి వచ్చిందట. నొప్పి ఉన్నన్నాళ్ళూ నరం బతికున్నట్టంది. మేం చెయ్యి కుదిరింది అని టీ తాగే రోజుకి అది చచ్చిపోవడం మొదలవుతుందన్నమాట. ఇది కింద మావాళ్ళకి చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియడం లేదు, ఇంకో ఇద్దరికి ఈ నెలలో టీ ఇప్పించాల్సి ఉంది.

ఈ పరీక్షే ముందు చేసి ఉంటే ఇంత మంచం, ఇన్ని మందులు ఉండేవి కావు. వీటన్నిటి ఖర్చు మీ డ్రైవర్ల బిల్లుల్లోనే సర్దుతారు కదా. నీకు చప్పట్లు కొట్టినవాళ్ళకి నా తరఫున థాంక్స్ చెప్పు. వెటకారంగా అనడం లేదు. నాకు వెటకారం కూడా రావడం లేదు.

ఎందుకు చెప్పలేదంటావా. చెప్తే నువ్వు డబ్బు పంపిస్తావు, ఓటు మార్చుకుంటావు. నీకు న్యాయమని తోచినదాన్ని నా చెయ్యి చూసి మార్చుకుంటే, ఆ తర్వాత జీవితమంతా నన్ను కాకుండా నా చేతినే చూస్తావు. అది నాకిష్టం లేదు. ఇప్పుడు ఎలాగూ చూస్తావనుకో.

కుడి చేతికి ఆపరేషన్ చేస్తే తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అంది డాక్టరమ్మ. ఎడమది కూడా మొదలైంది, కానీ అది త్వరగా చేస్తే దక్కుతుందంది. రెండూ చెయ్యాలి. కాలినదానికి కట్టు కట్టడం అత్యవసరం, నరానికి ఆపరేషన్ అత్యవసరం కాదట. దానికి కార్డు కావాలి. చెయ్యి మానేదాకా పనికి రావద్దని కాంట్రాక్టరు కబురు చేశాడు.

నాకు ఏడుపు రాలేదని పక్క మంచం ఆవిడ నీకు రాయాలంటోంది. సరే, రాయమన్నాను.

అక్క

*

ఇల్లు

అక్కా,

శనివారం వస్తున్నాను. సెలవు పెట్టాను.

కారు కొందామనుకున్న డబ్బు ఉంది. కారు ఎక్కడికీ పోదు. రెండు చేతులకి ఒకేసారి చాలదు, కానీ ఒకదానికి సరిపోయి కొంత మిగులుతుంది. ముందు కుడిది చేయిద్దాం. తినేది, రాసేది, పని చేసేది ఆ చెయ్యే కదా. అది లేకపోతే నువ్వెలా బతుకుతావు? డాక్టరమ్మకి ఫోన్ చేసి ఇదే చెప్పాను. మీ ఇష్టం, కుడిది ఎలా తిరిగొస్తుందో చూసి ఎడమది నిర్ణయిద్దాం అంది.

మళ్ళీ మీటింగు పెట్టించాలని సంతకాలు సేకరిస్తున్నాను. మొదటి సంతకం బ్రేకులు పెట్టాడు. పెన్ను నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

తమ్ముడు

*

ఇల్లు, వరండా

తమ్ముడూ,

ఆపరేషన్ కుట్లు విప్పారు. నువ్వు వెళ్ళాక ఇల్లు సద్దు లేకుండా ఉంది. నువ్వు సర్దిన గిన్నెలు ఒక్కటీ దొరకడం లేదు.

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను, అందుకని ఇంతే. మరదలికి, మేనకోడలికి చెప్పు, బాగున్నానని. పరీక్షకి వచ్చే నెల రమ్మన్నారు. నువ్వు రానక్కర్లేదు అంటే వినవని తెలుసు.

అక్క

*

బస్ డిపో, విశ్రాంతి గది

అక్కా,

మొన్న డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చి "మీ అక్కగారికి స్పర్శ తిరిగొస్తోంది, ఎడమదానికి తొందరలేదు" అన్నప్పుడు, ఆ వరండాలో అంతమంది ముందు నేను ఏడ్చేశాను. నువ్వు చూడలేదు, చెప్పులు వేసుకుంటున్నావు. ఇంటికొచ్చి మీ మరదలికి చెప్పాను. ఎడమదానికి ఎలాగూ టైముంది కదా అని, మిగిలిన డబ్బు మా అమ్మాయి కోర్సుకి కట్టేశాం. గడువు దగ్గరపడింది, నిన్ను అడగకుండానే కట్టేశాను.

మీటింగు జరిగింది. నేను లేచి ఉమ్మడి నిధిలో చేరదామన్నాను. ఎందుకు మాట మార్చావు అని అడిగారు. నీ సంగతి చెప్పాను. ఒకాయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. మీ అక్కగారికి మేమందరం తలా కొంత వేసుకుని ఇస్తామన్నాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు. మా అక్క ఒక్కదాని గురించి కాదు అన్నాను. అప్పుడు కార్యదర్శి లేచి, పోయినసారి నేను మాట్లాడిందంతా మినిట్స్‌లో ఉందని చదివాడు. మనం ఇచ్చే ప్రతి పైసా కాంట్రాక్టరు జేబులోకే పోతుంది అన్నదాకా చదివి, ఇందులో తప్పేమిటో చెప్పండి, చేరదాం అన్నాడు.

నా మాటలు నేను కూర్చుని విన్నాను. బాగున్నాయక్కా. తప్పు దొరకలేదు. కాంట్రాక్టరే కట్టాలి, అది ఇప్పటికీ నిజమే. అతను కట్టేదాకా చెయ్యి చెడకుండా ఆగదని మాత్రం చెప్పాను. అది వాదన కాదన్నారు. చేతులెత్తమంటే నేనూ, బ్రేకులూ, వెనక బెంచీలో ఎవరో ఇద్దరూ ఎత్తాం. అంతే.

మీ మడతకి, కాంట్రాక్టరుకి యూనియన్ తరఫున నోటీసు ఇప్పించాను. జవాబు రాలేదు. ఇవాళ మామూలుగా డ్యూటీ ఎక్కాను. ఏమీ అనిపించడం లేదు, ఏ స్టాపు వచ్చిందో కూడా జనం చెప్తేనే తెలుస్తోంది.

నీ కుడి చెయ్యి తిరిగొస్తోందన్నదే నాకున్న ఒక్క మంచి వార్త.

తమ్ముడు

*

ఇల్లు, వంటగది బల్ల దగ్గర

గడబిడా,

ఇది చదివి ఫోన్ చెయ్యకు. పూర్తిగా చదువు.

ఆ రోజు డాక్టరమ్మ నన్ను కళ్ళు మూసుకోమంది. సూదితో వేళ్ళ కొసలు ఒక్కొక్కటే గుచ్చుతూ తెలుస్తోందా, తెలుస్తోందా అని అడిగింది. నాకు ఏమీ తెలియలేదు. ఎప్పుడు గుచ్చుతోందో కూడా ఆవిడ ఊపిరిని బట్టి ఊహించాను. తలుపవతల నువ్వు కూర్చున్నావు. కారు వదులుకున్నావు, సెలవులు అయిపోగొట్టుకున్నావు, కుడిదే చేయిద్దామని నువ్వే చెప్పావు. నేను ప్రతిసారీ తెలుస్తోంది అన్నాను. ఆవిడ సంతోషించింది. బయటికొచ్చి నీకు చెప్పింది. నువ్వు ఏడ్చింది నేను చూశాను, అందుకే చెప్పులు వేసుకుంటూ అంతసేపు వంగి ఉన్నాను.

కుడి చెయ్యి రాలేదు. రాదు. నిన్న మళ్ళీ వెళ్ళి డాక్టరమ్మకి నిజం చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది. నేను ఆరోజు లేదు అని ఉంటే ఎడమది అప్పుడే చేసేదాన్నంది. ఇప్పుడు ఎడమ మధ్యవేలు కూడా మొద్దుబారింది. ఎన్నాళ్ళుంటుంది అని అడిగాను, చెప్పలేనంది.

మీ కమిటీలో తప్పు దొరకలేదన్నావు. నాకూ దొరకలేదు. నేను ఆ వాదన మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను, రాలేదు. అది అందరికీ సరిపోయే మాటే. నా చేతికే సరిపోలేదు. మీవాళ్ళు తలా కొంత ఇస్తామన్నారన్నావు కదా. వాళ్ళు మీటింగులో విన్న కథ నాది కాబట్టి ఇస్తామన్నారు. ఆ రోజు పక్క మంచంలో ఉండి నాకు ఉత్తరం రాసిపెట్టిన ఆవిడ సంగతి వాళ్ళకి ఎవరు చెప్తారు? ఆవిడకీ కార్డు లేదు. తమ్ముడు కూడా లేడు.

అది మీరు తేల్చుకోండి. తేల్చుకునేదాకా నేను ఆగలేను. అందుకని అడుగుతున్నాను. నేను నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు, అడగకుండా ఉండటమే పెద్దరికమనుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. వాళ్ళ దగ్గర తీసుకుంటావో, అప్పు తెస్తావో, అమ్మాయి కోర్సు డబ్బు వెనక్కి అడుగుతావో నాకు తెలియదు. అమ్మాయి డబ్బు అని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాశాను. నాకు ఎడమ చెయ్యి కావాలి. భయమేస్తోంది రా.

ఈ ఉత్తరం రాయడానికి పొద్దుటినుంచి కూర్చున్నాను. ఎడమ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెన్ను ఉన్నట్టు ఇంకా తెలుస్తోంది. ఇది నిజమే చెప్తున్నాను. అది తెలుస్తుండగానే రా.

అక్క